నాడి లయ నుండి రక్తపు గడ్డ దాకా: కర్ణికా ప్రకంపనం – అవగాహన, చికిత్సల చరిత్ర

వ్యాససంగ్రహం

గుండె పై గదులైన కర్ణికలు క్రమబద్ధంగా ముడుచుకోవడం మాని, లక్ష్యం లేకుండా వణికే స్థితిని ఆధునిక వైద్యులు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. ఈ వ్యాసంలో దానిని కర్ణికా ప్రకంపనం అని వ్యవహరిస్తున్నాం. నాడి తప్పడం, గుండెదడ రూపంలో మనిషికి చిరకాలంగా తెలిసిన ఈ లక్షణం ఒక నిర్దిష్ట వ్యాధిగా గుర్తింపు పొందింది 20వ శతాబ్ది తొలి దశకంలోనే. దాని అసలు ప్రమాదం లయలో కంటే కర్ణికలో పుట్టే రక్తపు గడ్డలో ఎక్కువగా ఉందని నిర్ధారణ కావడానికి మరో డెబ్బై ఏళ్ళు పట్టింది. రోగికి తెలిసే బాధకూ, రోగికి వాటిల్లే హానికీ మధ్యనున్న ఈ దూరమే వ్యాధి చరిత్రను నడిపించిందని నిరూపించడం, ఆ దూరం తెలుగు వ్యవహారంలోని రోగనామాలలో ఎలా నిలిచి ఉందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: కర్ణికా ప్రకంపనం, నాడీ పరీక్ష, డిజిటాలిస్, వార్ఫరిన్, రుమాటిక్ గుండెజబ్బు, పక్షవాతం, వైద్య పరిభాష.

1. ఉపోద్ఘాతం

ఆరోగ్యవంతుని గుండెలో ప్రతి స్పందనా కుడి కర్ణికలోని ఒక చిన్న కణజాలం వద్ద మొదలవుతుంది. అక్కడ పుట్టిన విద్యుత్ ప్రేరణ రెండు కర్ణికలలోనూ వ్యాపించి, కర్ణికలకూ జఠరికలకూ మధ్యనున్న ముడి వద్ద క్షణకాలం ఆగి, తరువాత కింది గదులైన జఠరికలకు చేరుతుంది. కర్ణికా ప్రకంపనంలో ఈ ఏకమూలం పోతుంది. కర్ణికల గోడలలో నిమిషానికి 350 నుండి 600 దాకా అస్తవ్యస్తమైన విద్యుత్ తరంగాలు చెలరేగుతాయి. మధ్యనున్న ముడి వాటిలో కొన్నింటిని మాత్రమే, అదీ ఒక క్రమం లేకుండా, కిందికి పంపుతుంది. అందుకే ముంజేతి వద్ద నాడి వేగంలోనూ బలంలోనూ ఏ రెండు స్పందనలకూ పొంతన లేకుండా కొట్టుకుంటుంది.

దీని పర్యవసానాలు రెండు రకాలు. మొదటిది రోగి అనుభవానికి వచ్చేది: దడ, ఆయాసం, నీరసం. రెండవది రోగికి తెలియకుండా జరిగేది. ముడుచుకోని కర్ణికలో, ముఖ్యంగా ఎడమ కర్ణికకు చెవి తమ్మెలా అతుక్కుని ఉండే సంచిలో, రక్తం నిలిచి గడ్డకడుతుంది. ఆ గడ్డ కదిలి మెదడు ధమనిని మూసివేస్తే పక్షవాతం వస్తుంది. దడ ఎంత ఉందన్నదానిని బట్టి గడ్డ ప్రమాదాన్ని కొలవలేం. ఏ బాధా లేనివారికీ ఆ ప్రమాదం ఉంటుంది. వైద్యచరిత్రలో మొదటి పర్యవసానం ముందు కనిపించింది, రెండవది చాలా ఆలస్యంగా కనిపించింది.

2. వేలికొనల జ్ఞానం

భారతీయ వైద్యంలో నాడీ పరీక్షను ఒక పద్ధతిగా వివరించిన తొలి ప్రసిద్ధ సంస్కృత గ్రంథం శార్ఙ్గధర సంహిత. చరక, సుశ్రుత సంహితలలో నాడీ పరీక్షకు ఇంతటి స్థానం లేదు. బొటనవేలి మూలాన ఉండే నాడిని శార్ఙ్గధరుడు జీవానికి సాక్షిగా భావించాడు. వాతం ప్రకోపించినప్పుడు నాడి జలగలా, పాములా నడుస్తుందనీ, పిత్తంలో కాకిలా, కప్పలా గెంతుతుందనీ, కఫంలో హంసలా, పావురంలా సాగుతుందనీ అతడు పోల్చాడు. ఆగి ఆగి నడిచే నాడిని మరణసూచకంగా పరిగణించాడు. సంస్కృతంతో పాటు తెలుగును కూడా వాడుకుని ఆంధ్రదేశ వైద్యుల చేతిలో చిరకాలం నిలిచిన బసవరాజీయం కూడా నాడీ పరీక్షకు ప్రాధాన్యమిచ్చింది.

ఈ వర్ణనలను చదివి ప్రాచీనులకు కర్ణికా ప్రకంపనం తెలుసునని తీర్మానించడం చారిత్రకంగా సరికాదు. నాడి తప్పడానికి కారణాలు అనేకం. అదనపు స్పందనలు, ప్రసరణలో అడ్డంకులు కూడా నాడిని ఆగి ఆగి నడిపిస్తాయి. వేలికొన వీటన్నింటినీ ఒకే అక్రమంగా గ్రహిస్తుంది. అయితే ఈ సంప్రదాయం నిరర్థకం కూడా కాదు. నాడి గతిని సంఖ్యగా కాక నడకగా గ్రహించడం, అంటే ఎన్నిసార్లు కొట్టుకుందన్న దానితో పాటు ఎలా కొట్టుకుందన్నది గమనించడం ఇందులోని విశేషం. నేటికీ కర్ణికా ప్రకంపనాన్ని అనుమానించడానికి మొదటి సాధనం నాడిని వేళ్ళతో చూడటమే. వేళ్ళకు అందనిది దాని కారణం మాత్రమే.

3. కవాటమూ, మొక్క మందూ

కారణాన్ని గుండెలోనే వెతకడం ఐరోపాలో 17వ శతాబ్దిలో మొదలైంది. 1628లో విలియం హార్వే రక్తప్రసరణను ప్రతిపాదించిన గ్రంథంలో, చనిపోతున్న జంతువు గుండెను గమనించి, జఠరికలు ఆగిపోయిన తరువాత కూడా కుడి కర్ణికలో ఒక సన్నని అలజడి మిగులుతుందని రాశాడు. కర్ణికల వణుకును కంటితో చూసి నమోదు చేసిన తొలి సందర్భాలలో ఒకటిగా దీనిని వైద్యచరిత్రకారులు పేర్కొంటారు. అయితే హార్వే దానిని బతికి ఉన్న రోగి నాడితో ముడిపెట్టలేదు.

1749లో ఫ్రెంచి వైద్యుడు జాన్ బతీస్త్ ద సెనాక్ గుండెజబ్బులపై రాసిన గ్రంథంలో, మొండికేసిన గుండెదడకూ ద్విపత్ర కవాటం దెబ్బతినడానికీ సంబంధాన్ని గుర్తించాడు. ఎడమ కర్ణికకూ ఎడమ జఠరికకూ మధ్యనున్న ఈ కవాటాన్నే నేటి ఆసుపత్రులలో మైట్రల్ వాల్వ్ అంటారు. 1827లో డబ్లిన్ వైద్యుడు రాబర్ట్ ఆడమ్స్ కూడా ఆ కవాటం సన్నబడటానికీ క్రమం తప్పిన నాడికీ ఉన్న పొత్తును ప్రస్తావించాడు. 1816లో లెనెక్ రూపొందించిన స్టెతస్కోపు వల్ల కవాటపు చప్పుళ్ళు బతికి ఉన్న రోగిలోనే వినిపించసాగాయి. దెబ్బతిన్న కవాటం, తప్పిన నాడి అనే జంట ఈ విధంగా 19వ శతాబ్ది తొలినాళ్ళకే వైద్యుల అనుభవంలోకి వచ్చింది.

చికిత్స మాత్రం మరో దారిలో వచ్చింది. 1775లో ఇంగ్లండులోని ష్రాప్‌షైర్‌లో ఒక వృద్ధురాలు రహస్యంగా కాపాడుకుంటున్న కుటుంబ వైద్యపు మందు గురించి విలియం విదరింగ్ అనే వైద్యుని అభిప్రాయం అడిగారు. ఒళ్ళు నీరుపట్టే జబ్బుకు ఆమె ఇచ్చే ఆ మందులో ఇరవైకి పైగా మూలికలు ఉండేవి. మొక్కల శాస్త్రం తెలిసిన విదరింగ్, వాటిలో పనిచేసేది ఫాక్స్‌గ్లోవ్ ఒక్కటేనని తేల్చుకున్నాడు. పదేళ్ళు పరీక్షించి 1785లో తన అనుభవాలను, విఫలమైన సందర్భాలతో సహా ప్రచురించాడు. డిజిటాలిస్ చికిత్సకు పునాది అదే. ఆ మందుకు గుండె కదలికపై అధికారముందని అతడు గ్రహించాడు. అది కర్ణికల వణుకును ఆపదనీ, మధ్యనున్న ముడిలో ప్రసరణను మందగింపజేసి జఠరికల వేగాన్ని తగ్గిస్తుందనీ తెలియడానికి శతాబ్దానికి పైగా పట్టింది. వ్యాధికి పేరు పెట్టకముందే దాని మందు వాడుకలోకి వచ్చింది. గ్రామంలోని ఒక స్త్రీ అనుభవజ్ఞానం ఆ మందుకు మూలం కావడం, గ్రంథానికి వైద్యుని పేరే మిగలడం కూడా ఈ చరిత్రలో భాగమే.

4. లోపించిన అల

నాడిని వేళ్ళ నుండి కాగితం మీదికి తెచ్చినవాడు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఎటియెన్ జ్యూల్ మారే. 1860 ప్రాంతంలో అతడు రూపొందించిన స్ఫిగ్మోగ్రాఫ్ ధమని స్పందనను గీతగా నమోదు చేసింది. 1876లో హెర్మన్ నోత్‌నాగెల్ పూర్తిగా క్రమం తప్పిన నాడికి గుండె ఉన్మాదం అనే అర్థం వచ్చే లాటిన్ పేరు పెట్టాడు. పేరు వచ్చింది గాని స్థానం తెలియలేదు.

ఆ స్థానాన్ని వెతికినవాడు విశ్వవిద్యాలయ ఆచార్యుడు కాదు. ఇంగ్లండులోని బర్న్‌లీ అనే మిల్లుల పట్టణంలో సాధారణ వైద్యం చేసిన జేమ్స్ మెకంజీ, ముంజేతి ధమనినీ మెడలోని సిరనూ ఒకే కాగితంపై నమోదు చేసే పాలిగ్రాఫ్ యంత్రాన్ని వాడాడు. మెడ సిర గీతలో కర్ణిక ముడుచుకున్నప్పుడల్లా ఒక చిన్న అల కనిపిస్తుంది. ద్విపత్ర కవాటం సన్నబడిన ఒక మహిళను ఏళ్ళ తరబడి పరిశీలించిన మెకంజీ, 1890ల చివర ఆమె నాడి పూర్తిగా క్రమం తప్పినప్పుడు ఆ అల అదృశ్యమైందని గుర్తించాడు. కర్ణికకు పక్షవాతం వచ్చిందని మొదట భావించాడు. తరువాత స్పందన మధ్యనున్న ముడి నుండే మొదలవుతోందని ఊహించాడు. రెండు వివరణలూ నిలబడలేదు. కాని కర్ణిక పని లోపించిందన్న పరిశీలన నిలిచింది. ఒకే రోగిని దీర్ఘకాలం చూసే స్థానిక వైద్యునికే ఇటువంటి పరిశీలన సాధ్యం. ఆసుపత్రికి వచ్చి వెళ్ళే రోగిలో ఆ అల ఎప్పుడు పోయిందో తెలిసే వీలు లేదు.

ప్రయోగశాలలో కర్ణికలను విద్యుత్తుతో వణికించిన కుక్కల నాడీ గీతలకూ, క్రమం తప్పిన మానవ నాడీ గీతలకూ పోలిక ఉందని ఆర్థర్ కుష్నీ 1899లో సూచించాడు. 1906లో సునావో తవారా కర్ణికలకూ జఠరికలకూ మధ్యనున్న ముడిని వర్ణించాడు. 1907లో ఆర్థర్ కీథ్, మార్టిన్ ఫ్లాక్ స్పందన మొదలయ్యే కణజాలాన్ని గుర్తించారు. నెదర్లాండ్స్‌లో విల్లెం ఐంతోవెన్ నిర్మించిన తీగ గాల్వనోమీటరు గుండె విద్యుత్తును నేరుగా గీతగా చూపింది. 1906లో అతడు ప్రచురించిన గీతలలో ఈ అక్రమ నాడికి చెందినదీ ఒకటి ఉంది.

1909లో లండన్‌లో థామస్ లూయిస్, వియన్నాలో రోత్‌బెర్గర్, వింటర్‌బెర్గ్ వేర్వేరుగా ఒకే నిర్ణయానికి వచ్చారు. పూర్తిగా క్రమం తప్పిన నాడికి కారణం కర్ణికల ప్రకంపనమేనని విద్యుత్ గీతల ఆధారంగా ప్రకటించారు. మెకంజీ కాగితంపై లోపించిన అల, ఐంతోవెన్ గీతలోనూ కర్ణికకు చెందిన తొలి అలగా లోపించింది. దాని చోట సన్నని వణుకు గీతలు కనిపించాయి. ఇది అరుదైన వింత కాదనీ సాధారణంగా ఎదురయ్యే వ్యాధేననీ లూయిస్ తన వ్యాస శీర్షికలోనే చెప్పాడు. నాడి లక్షణంగా ఉన్నది గుండె వ్యాధిగా మారిన చారిత్రక సందర్భం అది.

5. లయను నిలబెట్టే ప్రయత్నాలు

వ్యాధి లయలో ఉందని తేలాక చికిత్స లక్ష్యం లయను సరిచేయడమే అయింది. ఇందులోనూ తొలి సూచన రోగి నుండే వచ్చింది. 1912లో ఒక డచ్చి వర్తకుడు కారెల్ వెంకెబాఖ్ అనే వైద్యుని వద్దకు వచ్చాడు. ఆ దడను తాను ఆపలేనని వైద్యుడు చెప్పగా, తానే ఆపుకోగలనని వర్తకుడు బదులిచ్చాడు. మలేరియా ప్రాంతాలలో తిరిగిన అతనికి క్వినైన్ అలవాటు. మరునాడు ఉదయం క్రమమైన నాడితో తిరిగి వచ్చాడు. వెంకెబాఖ్ ఈ సంగతిని 1914లో తన గ్రంథంలో నమోదు చేశాడు. 1918లో వాల్టర్ ఫ్రై సింకోనా బెరడులోని క్షారాలను పోల్చి, క్వినిడిన్ ఎక్కువగా పనిచేస్తుందని చూపాడు. సెనాక్ కూడా 18వ శతాబ్దిలోనే దడకు సింకోనాను వాడాడు. ఒకే జ్ఞానం మరుగున పడి మళ్ళీ వెలుగులోకి రావడం వైద్యచరిత్రలో అరుదు కాదు.

1962లో బెర్నార్డ్ లౌన్ బృందం గుండె స్పందనతో సమన్వయపరచిన విద్యుదాఘాతంతో లయను క్షణాలలో పునరుద్ధరించింది. 1987లో జేమ్స్ కాక్స్ కర్ణికను కోసి కుట్టి, అస్తవ్యస్త తరంగాలకు దారి లేకుండా చేసే శస్త్రచికిత్సను ప్రవేశపెట్టాడు. 1998లో ఫ్రాన్సులోని బోర్డో నగరానికి చెందిన మిషెల్ ఐసాగెర్ బృందం 45 మంది రోగులను పరిశీలించి, ఈ వణుకును రగిలించే విద్యుత్ కేంద్రాలు అత్యధికంగా ఊపిరితిత్తుల నుండి రక్తాన్ని తెచ్చే సిరలలో ఉన్నాయని చూపింది. సన్నని గొట్టం ద్వారా ఆ సిరల ముఖద్వారాలను విద్యుత్‌పరంగా వేరుచేసే నేటి అబ్లేషన్ చికిత్సకు ఆధారం ఆ పరిశోధనే.

అయితే లయను సరిచేస్తే ఆయుష్షు పెరుగుతుందా? 2002లో వెలువడిన అఫర్మ్ అధ్యయనం 4,060 మంది రోగులలో ఈ ప్రశ్నను పరీక్షించింది. మందులతో లయను నిలబెట్టే పద్ధతి, లయను వదిలి వేగాన్ని మాత్రమే అదుపు చేసే పద్ధతి కంటే ప్రాణరక్షణలో మెరుగని తేలలేదు. లయ సరిపడిందన్న ధీమాతో గడ్డ నివారణ మందును మానినవారిలోనూ పక్షవాతాలు కనిపించాయి. 2020 నాటి ఈస్ట్ అధ్యయనం, వ్యాధి బయటపడిన ఏడాదిలోపే లయ చికిత్స మొదలుపెడితే కొంత మేలుందని చూపింది. ఆ అధ్యయనంలో కూడా గడ్డ నివారణ చికిత్స రెండు వర్గాలకూ కొనసాగింది. లయ చికిత్స దానికి తోడు మాత్రమే. దాని స్థానంలో వచ్చేది కాదు.

6. గడ్డ వైపు మళ్ళిన దృష్టి

ఒకచోట పుట్టిన రక్తపు గడ్డ ప్రవాహంలో కొట్టుకుపోయి మరోచోట నాళాన్ని మూసివేయగలదని రుడాల్ఫ్ విర్కో 1840లలోనే వివరించాడు. ద్విపత్ర కవాటం సన్నబడినవారికి ఈ ముప్పు ఉందన్నది వైద్యులకు తెలిసినదే. కవాటం బాగానే ఉన్న కర్ణికా ప్రకంపనం మాత్రం వృద్ధాప్యంలో సహజమైన, అంతగా హాని చేయని మార్పుగా చాలాకాలం చలామణి అయింది. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణవాసులపై సాగిన దీర్ఘకాల అధ్యయనం 1978లో ఆ భావనను తోసిపుచ్చింది. కవాటవ్యాధి లేని కర్ణికా ప్రకంపనంలో పక్షవాతం ముప్పు 5 రెట్లకు పైగా, రుమాటిక్ కవాటవ్యాధి ఉన్నప్పుడు 17 రెట్లకు పైగా పెరుగుతుందని అది చూపింది.

అందుకు కావలసిన మందు అప్పటికే వేరే పనిలో ఉంది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో పాడైన క్లోవర్ గడ్డి తిన్న పశువులు రక్తస్రావంతో చనిపోయేవి. 1933లో ఒక రైతు గడ్డకట్టని రక్తాన్ని, చనిపోయిన పశువునూ వెంట తెచ్చి విశ్వవిద్యాలయంలో కార్ల్ లింక్ ప్రయోగశాల తలుపు తట్టాడు. ఆ గడ్డిలోని విషపదార్థాన్ని లింక్ బృందం కొన్నేళ్ళకు వేరుచేసింది. దాని నుండి పుట్టిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా మార్కెట్టుకు వచ్చి, 1954లో మనుషులకు మందుగా ఆమోదం పొందింది. ఫ్రామింగ్‌హామ్ ఫలితాల తరువాత, 1989లో డెన్మార్క్ నుండి మొదలై వరుసగా వచ్చిన ప్రయోగాలు, వార్ఫరిన్ పక్షవాతాలను దాదాపు మూడింట రెండు వంతులు తగ్గిస్తుందని నిరూపించాయి.

వార్ఫరిన్ విటమిన్ కె చర్యను అడ్డుకుంటుంది. మోతాదు తగ్గితే గడ్డ, మించితే రక్తస్రావం. అందువల్ల ఐఎన్ఆర్ అనే రక్తపరీక్షలో విలువ 2 నుండి 3 మధ్య నిలిచేలా చూసుకోవాలి. విటమిన్ కె అధికంగా ఉండే ఆకుకూరలు ఒక వారం విపరీతంగా తిని మరో వారం పూర్తిగా మానితే ఆ విలువ తారుమారవుతుంది. ఆకుకూరలు మానడం కాదు, తినే మోతాదును నిలకడగా ఉంచుకోవడం అవసరం. 2009లో 18,113 మందిపై జరిగిన రిలై అధ్యయనంతో డాబిగాట్రాన్, ఆపై రివరోక్సబాన్ వంటి కొత్త మందులు వచ్చాయి. వీటికి తరచు రక్తపరీక్ష అక్కరలేదు. ఈ చికిత్స ఎవరికి అవసరమో నిర్ణయించడానికి వయసు, రక్తపోటు, మధుమేహం, గుండె వైఫల్యం, గతంలో వచ్చిన పక్షవాతం వంటి అంశాలకు మార్కులు వేస్తారు. ఆ జాబితాలో దడ తీవ్రతకు చోటు లేకపోవడం గమనార్హం.

7. రుమాటిక్ గుండెజబ్బు: మిగిలిన ప్రశ్న

మెకంజీ రోగికి ఉన్న కవాటవ్యాధి సంపన్న దేశాలలో నేడు అరుదైంది. భారతదేశంలో మాత్రం కాలేదు. బాల్యంలో స్ట్రెప్టోకాకస్ సూక్ష్మజీవి వల్ల వచ్చే గొంతునొప్పి కొందరిలో రుమాటిక్ జ్వరానికి, ఏళ్ళు గడిచాక కవాటం సన్నబడటానికి దారితీస్తుంది. ఇరుకు ఇళ్ళు, అందని ప్రాథమిక వైద్యం దీనికి అనుకూలిస్తాయి. కర్ణికా ప్రకంపనం పాశ్చాత్య పాఠ్యగ్రంథాలలో ప్రధానంగా వృద్ధుల వ్యాధి. ఇక్కడ నడివయసు మహిళల వ్యాధి కూడా.

కొత్త మందులకు ఆధారమైన పెద్ద ప్రయోగాలు, ద్విపత్ర కవాటం బాగా సన్నబడిన రోగులను పక్కనబెట్టాయి. ఆ లోటును పూరించడానికి ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికాలలోని 24 దేశాలలో సుమారు 4,500 మంది రుమాటిక్ రోగులతో ఇన్విక్టస్ అధ్యయనం జరిగింది. వారి సగటు వయసు 50 ఏళ్ళు, నూటికి 70 మందికి పైగా స్త్రీలు. కొత్త మందే మెరుగవుతుందని చాలామంది ఆశించారు. 2022లో వెలువడిన ఫలితం దీనికి విరుద్ధంగా ఉంది. వార్ఫరిన్ వర్గపు పాత మందులు వాడినవారిలో మరణాలు, గుండె, రక్తనాళ సంబంధమైన ఆపదలు రివరోక్సబాన్ వాడినవారిలో కంటే తక్కువ. రక్తస్రావం ఎక్కువ కాలేదు.

దీని భారం ఎవరిపై పడుతుందో ఆలోచించాలి. తరచు రక్తపరీక్ష అక్కరలేని సౌకర్యం పరీక్షాకేంద్రాలు దగ్గరున్న రోగులకు దక్కింది. నెలనెలా ఐఎన్ఆర్ కోసం మండల కేంద్రానికో జిల్లా ఆసుపత్రికో వెళ్ళవలసినది కూలి పోగొట్టుకుని వచ్చే రుమాటిక్ రోగి. గర్భధారణ తొలినెలల్లో వార్ఫరిన్ పిండానికి హాని చేయగలదు కనుక, సంతానం కోరే స్త్రీకి ముందే వైద్యసలహా తప్పనిసరి. రుమాటిక్ జ్వరం వచ్చిన పిల్లలకు మూడు నాలుగు వారాలకొకసారి పెన్సిలిన్ సూది కొన్నేళ్ళు క్రమం తప్పక ఇస్తే, జ్వరం తిరగబెట్టి కవాటం మరింత దెబ్బతినకుండా చాలావరకు కాపాడవచ్చు. కర్ణికా ప్రకంపనానికి ఇక్కడ దొరికే అత్యంత చవకైన నివారణ గుండె చికిత్సాలయంలో కాక పిల్లల వైద్యంలో ఉంది.

8. తెలుగు వ్యవహారంలో పేర్లు

గుండెదడ, నాడి తప్పడం, పక్షవాతం అనే మాటలు తెలుగులో నిత్యవ్యవహారంలో ఉన్నవే. మొదటిది అనుభూతిని, రెండవది వైద్యుని వేళ్ళకు అందిన లక్షణాన్ని, మూడవది దేహంలో ఒక పక్షం పడిపోయిన ఫలితాన్ని సూచిస్తాయి. మూడవ మాట ఆ ఫలితానికి కారణాన్ని కూడా తనలోనే ఇముడ్చుకుంది. అది వాతదోషం. పక్షవాతం అన్నప్పుడు వినేవారి ఊహ వాతానికో నరాలకో పోతుంది గాని గుండెకు పోదు. దడ అన్నప్పుడు భయం, బలహీనత స్ఫురిస్తాయి గాని మెదడు స్ఫురించదు. ఒకే వ్యాధికి మొదలూ తుదీ అయిన రెండు స్థితులు భాషలో పరస్పర సంబంధం లేని రెండు పేర్లుగా నిలిచాయి.

దీని ఫలితం ఆచరణలో కనిపిస్తుంది. దడ తగ్గగానే జబ్బు తగ్గిందని మందు మానడం ఆ పేరు చెప్పే అర్థానికి అనుగుణమైన ప్రవర్తనే. దానిని రోగి అజ్ఞానంగా కొట్టిపారేయడం తగదు. వైద్యశాస్త్రం కూడా 1978 దాకా కవాటవ్యాధి లేని రోగుల విషయంలో దాదాపు అలాగే ఆలోచించింది. పాఠ్యగ్రంథాలలోని కర్ణిక, జఠరిక, కవాటం వంటి మాటలు శరీరనిర్మాణాన్ని బోధించడానికి సరిపోతాయి. రోగికి కావలసింది సంబంధాన్ని చెప్పే వాక్యం: గుండె పై గది వణికితే అక్కడ రక్తం నిలుస్తుంది, నిలిచిన రక్తం గడ్డకడుతుంది, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది, ఈ మందు గడ్డ కట్టకుండా చూస్తుంది. పారిభాషిక పదకల్పనతో పాటు ఇటువంటి కార్యకారణ వాక్యాలను కూర్చడం కూడా వైద్య పరిభాషా కృషిలో భాగం కావాలి.

9. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. కర్ణికా ప్రకంపనం మొదట నాడి లక్షణంగా, తరువాత కవాటవ్యాధికి తోడుగా, 1909లో గుండె విద్యుత్ వ్యాధిగా, 1978 తరువాత పక్షవాతానికి ప్రధాన కారణాలలో ఒకటిగా అర్థమైంది. వెనుకటి అవగాహనను ప్రతి దశా కొంత నిలుపుకుని కొంత సవరించింది.

2. ఈ చరిత్రలో వృద్ధురాలి మూలిక, వర్తకుని క్వినైన్, రైతు తెచ్చిన గడ్డకట్టని రక్తం, పట్టణ వైద్యుడు ఏళ్ళ తరబడి చూసిన ఒక మహిళ నాడి కీలకమైన మలుపులయ్యాయి. శాస్త్రజ్ఞుల కృషి వాటిని పరీక్షించి నిలబెట్టింది.

3. రోగికి తెలిసే దడ, రోగికి తెలియని గడ్డ వేర్వేరు. లయ చికిత్స మొదటిదానిని, గడ్డ నివారణ చికిత్స రెండవదానిని ఉద్దేశించినవి. ఒకటి చేస్తే రెండవది అక్కరలేదన్న భావన ప్రమాదకరం.

4. కొత్త మందు అందరికీ మేలైన మందు కాదని రుమాటిక్ రోగులపై జరిగిన అధ్యయనం చూపింది. ఏ దేశపు రోగులపై పరీక్షించారన్నది మందు విలువలో భాగం.

5. తెలుగులో దడకూ పక్షవాతానికీ మధ్యనున్న సంబంధాన్ని చెప్పే మాట వ్యవహారంలో లేదు. ఆ సంబంధాన్ని తేట తెలుగు వాక్యాలలో రోగికి అందించే పనిలో వైద్యులతో పాటు భాషా పరిశోధకులకూ బాధ్యత ఉంది.